నేను మోసిన గడ్డిదూడ

నూకరత్నం నిచ్చెనెక్కి పాత పశువుల సాల అటక మీద సామాన్లు ఒక్కొక్కటీ కిందికి అందిస్తోంది. తుప్పు పట్టిన పాల క్యాన్లు, తెగిన పలుపుతాళ్లు, ఎలుకలు కొట్టిన గోనెలు. నేను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన కొబ్బరినీళ్లు తాగుతూ, అది జాగ్రత్త, ఇది జాగ్రత్త అంటూ అక్కర్లేని పెత్తనం చేస్తున్నాను. రిటైరైన వాళ్లకి అదో జబ్బు. ఆఖరున ఆమె అటక లోపలికంటా వంగి, "ఓలమ్మో, ఇదింకా ఉందేటి!" అని, రెండు చేతులతో ఒకదాన్ని పొదివి పట్టుకుని దించింది. నాలుగు కాళ్లు, నల్లటి తోలు, ఒక పక్కకి వాలిన తల. కళ్లుండాల్సిన చోట పురికొసతో వేసిన రెండు కుట్లు ఉన్నాయి.

ముందు నాకు తగిలింది వాసన. ఉప్పు, వేపాకు, పాతబడ్డ ఎండుగడ్డి, వాటి వెనకాల ఎక్కడో పాలు తాగే దూడ నోటి వాసన. దాదాపు నలభై ఏళ్ల నాటి తోలుకి దూడ నోటి వాసన ఎక్కణ్ణుంచి వస్తుందని మీరడగొచ్చు. నేనూ అదే అడుక్కున్నాను. గ్లాసు కింద పెట్టి కుర్చీ వెనక్కి జరుపుకున్నాను, నూకరత్నం చూడనే చూసింది. "బయపడ్డారేటమ్మా? గడ్డిదూడండి. మా నాన్న కుట్టింది" అంది.

నన్నా రోజు కాలేజీ వాళ్లు పిలిచారు. చోడవరంలో నేను పశుసంవర్ధక డిప్లొమా చదివింది అక్కడే. పశువైద్యశాలల్లో పనిచేసి, బుచ్చయ్యపేటలోనూ చీడికాడలోనూ గేదెల వెనక తిరిగి తిరిగి మోకాళ్లు అరగదీసుకుని ఇంటికొచ్చిన దాన్ని. కొత్తగా చేరిన పిల్లలకి మధ్యాహ్నం మూడున్నరకి నాలుగు మంచి మాటలు చెప్పాలట. పాత సాల వచ్చే వారం పడగొట్టేస్తున్నారు, ఈలోగా ఒకసారి చూసుకుంటారా అని ప్రిన్సిపాలు గారు మర్యాదగా అడిగి, నన్ను నూకరత్నానికి అప్పజెప్పి వెళ్లారు. నూకరత్నం ఇప్పుడక్కడ అటెండరు. మా రోజుల్లో అటెండరుగా ఉన్న సన్యాసి తాత కూతురు.

గడ్డిదూడ అంటే ఏమిటో ఇప్పటి వాళ్లకి చెప్పాలి. ఈనిన గేదె దూడ చచ్చిపోతే చాలా గేదెలు చేపవు. పొదుగు నిండా పాలుంటాయి, చన్నుల్లోకి దిగవు. దూడ వచ్చి పొదుగు కుమ్మితేనే దిగుతాయి. అందుకని చచ్చిన దూడ తోలు వొలిచి, ఉప్పూ బూడిదా రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి, కాళ్లకి కర్రలు పెట్టి, దబ్బనంతో కుట్టి, దాన్ని తల్లి ముందు పెడతారు. తల్లి దాన్ని నాకుతుంది. నాకుతూ చేపుతుంది. మా ఊళ్లలో ఇది మామూలు పని, ఎవరూ దీన్ని వింతగా చూడరు.

ఆ దూడని చంపింది నేను. ముందే చెప్పేస్తున్నాను. ఆఖరి దాకా దాచి చదివేవాళ్లని ఊరించడం నాకు చేతకాదు, ఇన్నేళ్లు దాచింది చాలు.

మాది రావికమతం దగ్గర చిన్న ఊరు. నాన్నకి కొంచెం చెరుకు, కొంచెం వరి, ఒక జత ఎడ్లు. కాలేజీలో సీటొచ్చాక నన్ను చోడవరంలో మా చిన్నమ్మమ్మ ఇంట్లో పెట్టారు. చిన్నమ్మమ్మకి రెండు కళ్లకీ పొరలు కమ్మేశాయి, ఆపరేషనంటే ఒప్పుకునేది కాదు. "దేవుడిచ్చిన సీకటి, నానెందుకు తీయించుకోవాల?" అనేది. మనుషుల్ని వాసన బట్టి పోల్చేది. పాస్టరు గారొస్తే కర్పూరం బిళ్ల వాసనంటుంది, పాలామె వస్తే పిడకల వాసనంటుంది. పొద్దున్నే చోడి పిండితో, అదే రాగిపిండితో, అంబలి కాచి, అందులో మజ్జిగ పోసి, చేత్తో తడుముకుంటూ నా గిన్నె నా ముందుకి తోసేది. సాయంత్రం ప్రార్థన. ఆవిడ చదవలేని బైబిలు ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతుంటే, నేను పక్కన కూర్చుని చదివేదాన్ని. చెరుకు ఆడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన ఊరంతా కమ్ముకుని, అన్నం ముద్దలోకి కూడా వచ్చేది. మొదట్లో ఓణీ ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని, తర్వాత నాకు అది లేకపోతే నిద్ర పట్టేది కాదు.

కాలేజీలో మా బ్యాచిలో ఆడపిల్లలం ఐదుగురమే. మొదటి వారంలో సన్యాసి తాత మమ్మల్ని వెదురు పొద దగ్గరికి తీసుకెళ్లి, ఎవరి గొట్టం వాళ్లచేతే కోయించాడు. పశువులకి నోట్లో మందు పోసే గొట్టమన్న మాట. ఒక కణుపు మూసి ఉండాలి, రెండో వైపు ఏటవాలుగా కోసి, పశువు చిగుళ్లు కోసుకుపోకుండా అంచంతా రాతి మీద అరగదీయాలి. ఆముదంలో నానబెట్టాలి. ఆఖరున కాలిన ఇనప చువ్వతో ఎవరి రోల్ నంబరు వాళ్లు రాయాలి. నాది పద్నాలుగు. దూడల గది గోడకి వరసగా మేకులుండేవి, వరసగా గొట్టాలు వేలాడేవి. ఎవరి మేకు వాళ్లదే. "సేతిలో గొట్టం మీదయితే, పోసిన మందూ మీదే, పేనవూ మీదే" అనేవాడు తాత. అప్పుడు మేం నవ్వుకునేవాళ్లం.

సన్యాసి తాత ఎండిన చెరుకుగడలా ఉండేవాడు. చుట్ట అడ్డపొగ తాగేవాడు, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. సాల నిండా గడ్డి కదా, నిప్పురవ్వ పడకూడదని అలవాటు చేసుకున్నానని చెప్పేవాడు. నిప్పు కనపడదు, పొగ మాత్రం ముక్కులోంచి వస్తుంది. ఆయన గేదెలతో మాట్లాడుతుంటే దూరాన్నించి చూసేవాళ్లకి లోపల ఏదో కాలుతున్న మనిషిలా ఉండేవాడు. ఫారం గేదెలకి నంబర్లుంటాయి, ఆయన మాత్రం ఒక్కొక్కదానికీ పేరు పెట్టాడు. అన్నిట్లోకి పెద్దది, మంచి పాడిది మాలచ్చి. దాని పెయ్యదూడ పుట్టి అప్పటికి పన్నెండో పదమూడో రోజు.

సోమవారం మాకు ప్రాక్టికల్. దూడలకి ఏలికపాముల మందు పోయడం. కాలేజీ పశువుల డాక్టరు గారు ముందే పాఠం చెప్పారు. దూడ తల మరీ పైకెత్తకూడదు, నాలుక పట్టుకోకూడదు, దగ్గితే వెంటనే తల వదిలేయాలి. నాకప్పటికే క్లాసులో ఫస్టు వస్తానని పొగరు. అందరి ముందూ చెయ్యి తడబడకూడదని శనివారం మధ్యాహ్నం, ముసురులో, తాత అన్నం తినడానికి ఇంటికెళ్లిన సమయంలో దూడల గదిలోకి వెళ్లాను. వాన జల్లు పడకుండా తాత కిటికీకి గోనె పరదా బిగించి కట్టి ఉంచాడు. చీకటిగా ఉందని నేనే దాన్ని విప్పాను. గొట్టంలో మందు పోసి, దూడని గోడకి ఆనించి, మా నాన్న ఎడ్లకి ఎలా పోస్తాడో అలా, నాలుక పక్కకి లాగి పట్టుకుని, తల పైకెత్తి పోశాను. పుస్తకంలో చదివింది నెత్తిలో ఉంది, చేతులకి మాత్రం ఇంట్లో చూసిందే వచ్చు. నాలుక పట్టుకుంటే దూడ మింగలేదని, మింగలేని మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందని, పరీక్షలో రాస్తే నాకు పూర్తి మార్కులొచ్చేవి. దూడ దగ్గింది. నేను వదల్లేదు. మందు కక్కేస్తోందనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

వదిలాక నిలబడలేక ముందు కాళ్ల మీద కూలబడింది. ముక్కులోంచి తెల్లగా మందు కారింది. మోకాళ్ల మీద కూర్చుని ఒళ్లు రుద్దాను, ప్రార్థన చేశాను, కాసేపటికి లేచి నిలబడింది. అమ్మయ్య అనుకున్నాను. గొట్టం మేకుకి పెడితే తడి చూసి ఎవరైనా అడుగుతారని, గడ్డి కింద దూర్చేసి, పరదా వచ్చినట్టు ముడేసి ఇంటికి పరిగెత్తాను.

ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే చిన్నమ్మమ్మ లోపల్నించి, "ఎవులే, ఎస్తేరా? దూడనలగ వానలో వొదిలీసి వచ్చేవేటే గుంటా, లోపలికి తీసుకురా" అంది. నా వెనక వీధి తప్ప ఏమీ లేదు. నా చేతుల వాసనే అయుంటుంది, నాకు తెలుసు. అయినా ఆ రోజు నుంచీ తలుపేసే ముందు వెనక్కి చూడకుండా ఉండలేకపోయాను.

ఆదివారం దూడకి జ్వరం. ఎగశ్వాస. డాక్టరు గారు చూసి నెమ్ము చేసిందన్నారు, ఇంజెక్షన్ ఇచ్చారు. సోమవారం ఆయన చీడికాడ వైపు టీకాల క్యాంపుకెళ్లారు, ప్రాక్టికల్ వాయిదా పడింది, మధ్యాహ్నానికి దూడ పోయింది. సన్యాసి తాత దాన్ని సాల వెనక్కి మోసుకెళ్లాడు. "ఎత్తేరమ్మా, ఉప్పట్రా" అని కేకేస్తే, ఎస్తేరంటే ఆయన నోట ఎత్తేరే, నేనే తీసుకెళ్లాను. అప్పటికే తోలు వొలిచేశాడు. మెడ దగ్గర కోసి ఏదో చూస్తున్నాడు. వేళ్ల మీద తెల్లగా ఉంది. నన్ను చూసి, తొందర లేకుండా, ఆ వేళ్లు గడ్డికి తుడుచుకున్నాడు. సాయంత్రం డాక్టరు గారు తిరిగొచ్చేసరికి దూడని సున్నం వేసి పాతిపెట్టేశాడు. నాకు చూపించకుండా ఎలా పాతేశావని ఆయన కేకలేశారు. "మాలచ్చి పొదుగు రాయయిపోతంది బాబూ, తోలు పచ్చిగుండగానే కుట్టాల గదా" అన్నాడు తాత.

ఆయనకి తెలిసిందా, తెలియలేదా? ఈ ఒక్క ప్రశ్న నన్ను చదువైపోయే దాకా తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. తెలిస్తే ఒక్క మాట చాలు, నా సీటు పోతుంది, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల చదువు అక్కడితో సరి. అదే భయం. పైగా గొట్టం మాయమైంది. సోమవారం పొద్దున్నే గడ్డి మొత్తం తిరగేశాను, గాడి కింద, పేడగుంట దగ్గర, కాలవలో వెతికాను. లేదు. గోడ మీద పదమూడుకీ పదిహేనుకీ మధ్య ఖాళీ మేకు ఒకటి నన్ను చూస్తూ ఉండేది. పారేసుకున్నానని చెప్పి డాక్టరు గారిచేత చీవాట్లు తిన్నాను. ఎప్పుడు, ఎవరి చేతిలో అది పైకి తేలుతుందోనని, సాలలో ఎవరు వంగి ఏం తీస్తున్నా పోయి చూసేదాన్ని.

గడ్డిదూడ తయారయ్యాక తాత దాన్ని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "నువ్వే మొయ్యాలమ్మా" అన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకెక్కడిది? మూడు గంటల పాల వేళకి దూడల గది నుంచి సాలకి దాన్ని రెండు చేతుల మీద మోసుకెళ్లాలి. నడుస్తుంటే దాని కడుపులో ఏదో కదిలేది. టక్కు, టక్కు. నా అడుగుకి ఒకటి. మొదటి రోజు దాన్ని కిందపడేయబోయాను.

"తాతా, ఇందులో ఏటో కొట్టుకుంతంది."

"ఎముకేదో ఉండిపోయింటాది. మెల్లగా మొయ్యి, అది నీదే గదా."

అది నీదే గదా అన్నాడు. నీ డ్యూటీ అని అర్థమా, ఇంకేదైనానా? ఆయన మొహంలోకి చూశాను. ముక్కులోంచి పొగ వస్తోంది, అంతే.

మాలచ్చి మొదటి పది రోజులు గడ్డిదూడని నాకింది. ఉప్పునీళ్లు చల్లి పెట్టేవాళ్లం. చేపేది, తాత పితికేవాడు. పదకొండో రోజో ఎప్పుడో, మూడు గంటల ఎండలో, సాలంతా ఈగల మోత తప్ప చప్పుడు లేనప్పుడు, అది దూడని వాసన చూసి తల తిప్పేసింది. తర్వాత నా వైపు తిరిగింది. గడ్డిదూడని పట్టుకున్న నా కుడి చేతిని వాసన చూసింది, ముందు పైపైన, తర్వాత ముక్కు ఆనించి లోపలికంటా. ఆ చేత్తోనే నేను దూడ నాలుక లాగి పట్టుకున్నాను. పొడుస్తుందనుకున్నాను. పొడవడమే న్యాయమనుకున్నాను కూడా. అది నాలుక చాపి నా అరచెయ్యి నాకడం మొదలుపెట్టింది. కొబ్బరిపీచుతో తోమినట్టుండే నాలుక. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి దాకా, అచ్చం ఈనిన రోజు దూడ ఒళ్లు నాకినట్టు, ఒక్క చోటు వదలకుండా. కింద తాత మెల్లగా, "సేపింది" అన్నాడు. తపేలాలో పాల చప్పుడు మొదలైంది.

అక్కణ్ణుంచి నేను లేకపోతే మాలచ్చి చేపేది కాదు. ఆదివారాలు కూడా చర్చి అయ్యాక, ఆ తెల్ల ఓణీతోనే పోయి నిలబడేదాన్ని. దూడ అక్కర్లేదు తాతా, అది దాన్ని చూడటమే లేదు అంటే, "ఉండనీ, మొయ్యి" అనేవాడు. నా కుడి చేతికి చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఎన్ని సబ్బులు రుద్దినా వాసన పోలేదు. ఇంట్లో చిన్నమ్మమ్మ అంబలి గిన్నె నా ముందుకి తోశాక, ఇంకో చిన్న గిన్నెలో కాసిన్ని నీళ్లు పోసి పక్కన పెట్టడం మొదలెట్టింది. ఇదెవరికే అంటే, "నీ యెనకాల వస్తంది గదా, దానికే. దాహమేస్తాదే పాపం" అంది. అంత మామూలుగా అంటే ఇంకేం అడుగుతాం? ప్రార్థన చదువుతూ చదువుతూ ఆ గిన్నె వైపు చూసేదాన్ని. నీళ్లు తగ్గాయో లేదో చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం.

ఆవిడకి చెప్పేద్దామని ఒకరోజు నోటిదాకా వచ్చింది. "అమ్మమ్మా, నేనొక తప్పు చేసేను" అన్నాను. "నాకెందుకే సెప్పడం? ఎవుల్దగ్గిర సేసేవో ఆలకి సెప్పు" అంది, కళ్లు లేని మొహం నా వైపు తిప్పి. చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

చెప్పాల్సిన రోజు ఒకటి వచ్చింది. దూడ చావు మీద విచారణ. ఆఫీసు వరండాలో డాక్టరు గారు, ఆయన ముందు విచారణ రాసే పెద్ద పుస్తకం. నన్ను కేసు షీట్లు పట్టుకుని నిలబడమన్నారు. ముసురులో పరదా ఊడిపోయి, జల్లు కొట్టి, దూడకి నెమ్ము చేసిందని తేల్చారు. "పరదా కట్టలేదా సన్యాసీ?" అనడిగారు. ఆయన కట్టాడని ఈ ప్రపంచంలో తెలిసింది ఇద్దరికే, ఆయనకీ నాకూ. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, ఆ మాత్రం పుణ్యం నాకు రాసుకోనివ్వండి. ఆయన నా వైపు చూసి, "ఎత్తేరమ్మా, మాలచ్చికి నీల్లు పెట్టేరో లేదో ఎల్లి సూడు" అన్నాడు. డాక్టరు గారు సరే వెళ్లమని చెయ్యూపారు. నేను వెళ్లిపోయాను. సంతోషంగా వెళ్లిపోయాను. ఆ సంతోషాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. వెనకనించి వినపడింది, "మరిసిపోనాను బాబూ, నాదే తప్పు." వేలిముద్ర వేశాడు.

ఆ ఏడాది ఆయన్ని పర్మినెంట్ చేయాల్సిన కాగితం అక్కడితో ఆగిపోయింది. దూడల గది తాళంచెవి తీసేసుకుని గడ్డిమడుల్లోకి పంపించారు. మాలచ్చి ఇంకొకరికి లొంగదు కనక పాలు పితకడానికి మాత్రం రానిచ్చారు. చదువైపోయిన రోజు నేను ఎవరికీ చెప్పకుండా వెనక గేటు నుంచి వెళ్లిపోయాను. పాల వేళ కాకుండానే మాలచ్చి అరవడం మొదలుపెట్టింది. బస్సు కదిలి చెరుకు ట్రాక్టర్ల మోతలో పడేదాకా నాకది వినపడుతూనే ఉంది. మళ్లీ ఆ కాలేజీ ఛాయలకి పోలేదు. మాలచ్చి ఏమైందో అడగలేదు. తాత పోయాడని ఎప్పుడో ఎవరో చెబితే, అయ్యో అన్నాను.

ఉద్యోగంలో నా చేతిలో గొట్టం వల్ల ఒక్క దూడా పోలేదు. పోయే వీల్లేకుండా, రైతుల మీద రంకెలేసి మరీ నేర్పాను. నాలుక ముట్టుకున్న వాడి చేతి మీద కొట్టిన రోజులున్నాయి. ఇప్పుడు వెదురు గొట్టాల గొడవే లేదు, కొలత గీతలున్న ప్లాస్టిక్ గన్నులొచ్చాయి, మాత్రలొచ్చాయి. మంచిదే. గడ్డిదూడలు కూడా పోయాయి. దూడ చస్తే కుట్టే ఓపిక ఎవరికుంది? పాల వేళకి ఎవరూ చూడకుండా మెడకో సూది పొడుస్తారు, గేదె ఇష్టంతో పని లేకుండా పాలు దిగుతాయి. నేను దాని మీద ఎన్ని ఫిర్యాదులు రాశానో. మేం గేదెని మోసం చేశాం, నిజమే. మోసం చేయడానికైనా దానికో మనసుందని ఒప్పుకున్నాం. ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు.

నూకరత్నం గడ్డిదూడని నేల మీద నిలబెట్టింది. ఒక కాలు వంగినా పడిపోలేదు. "అటక మీదియ్యన్నీ చెత్తలో తగలెట్టీమన్నారమ్మా సారు. దీన్నయితే నాకు మనసొప్పదు. మా నాన్న పోయే ముందు సెప్పేడు, దాన్ని నిప్పులో ఎయ్యకండి, ఎత్తేరమ్మొస్తే ఆవిడికియ్యండి అని. ఇన్నేళ్లకొచ్చేరు" అంది. ఎందుకిమ్మన్నాడో చెప్పాడా అంటే, లేదంది.

వంగి ఎత్తాను. చేతులకి ఆ బరువు గుర్తుంది. ఎత్తగానే లోపల కదిలింది. టక్కు.

"బ్లేడేమైనా ఉందా నూకరత్నం?"

ఆమె కొడవలి తెచ్చింది. కడుపు కింద కుట్లు ఒక్కొక్కటీ తెంపాను. పురికొస పొడి పొడిగా రాలిపోయింది. గడ్డి నల్లబడి, ముద్దగా వచ్చింది. మోచేతి దాకా లోపలికి పెట్టి తడిమితే నున్నగా, చల్లగా ఏదో చేతికి తగిలింది. బయటికి తీయకముందే నాకు తెలిసిపోయింది. అంచు అరగదీసింది నేను కదా. వెలుతురులో పెట్టి చూశాను. కాలిన చువ్వతో రాసిన అంకె, వంకరగా, పద్నాలుగు.

నేను వెతకని చోటు లేదు. అదెప్పుడు పైకి తేలుతుందోనని రోజూ చచ్చేదాన్ని. రోజూ మూడింటికి దాన్నే రెండు చేతులా మోసుకెళ్లి, మాలచ్చి ముందు నిలబడ్డాను. ఆయనకి మొదటి రోజునించీ తెలుసు. ఎవరికీ దొరక్కుండా దాచాడు, నేను మర్చిపోకుండా నాచేతే మోయించాడు. ఆ రెంటిలో దయ ఏదో శిక్ష ఏదో ఇప్పటికీ విడదీయలేను.

"ఇదేటమ్మా?" అంది నూకరత్నం.

ఏమో, పాత గొట్టం అనొచ్చు. నా నోటికి ఆ మాటే ముందొచ్చింది కూడా, అబద్ధం చెప్పను. తర్వాత చిన్నమ్మమ్మ మాట గుర్తొచ్చింది. ఎవరి దగ్గర చేశానో వాళ్లు పోయారు, వాళ్ల కూతురు నా ముందుంది. "మీ నాన్న పరదా కట్టేడు, నూకరత్నం. విప్పింది నేను. దూడని చంపిందీ నేనే, ఈ గొట్టంతోనే. ఆయన నా తప్పు నెత్తినేసుకున్నాడు" అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆమె గడ్డిదూడ తెరుచుకున్న కడుపు వైపు చూస్తూ ఉండిపోయింది. "మా అమ్మ సచ్చీదాకా నాన్నని తిట్టిందమ్మా" అంది చివరికి. "ఒక్క గోనె గుడ్డ కట్టలేకపోయేవు, కట్టుంటే మా బతుకిలగుంటాదా అని. అన్నం ముందర కూకున్న ప్రతిసారీ. నాన్న వొక్కసారైనా కట్టేనని అన్లేదు. నానూ అనీసేనమ్మా ఓసారి, పెల్లయ్యేక. అప్పుడూ అన్లేదు." పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "నాకు సెప్పి ఏటి నాభం? ఆ పుస్తకంలో నాన్న పేరలగే ఉంది. ఆల ముందర సెప్పండి, ఆ గుంటలందరి ముందరా. పేరు పెట్టి సెప్పండి."

మూడున్నరకి హాలుకి బయల్దేరాను. గొట్టం ఆమె పట్టుకుంది. గడ్డిదూడని నేనే మోశాను, ఈసారి లోపల చప్పుడు లేదు. దారి కొత్త సాల పక్కనించే. పాలు పితికే మెషీన్లు బిగించిన సాల అది, అక్కడి గేదెలు గడ్డిదూడ మొహం ఎరగవు. మేం వస్తుంటే మొదటిది లేచింది, తర్వాత దాని పక్కది, అలా వరసంతా లేచి నిలబడి మా వైపు తలలు తిప్పాయి. ఒక్కటీ అరవలేదు. నూకరత్నం నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "ఓలమ్మో, అటు సూడండమ్మా." చివరి గేదె పొదుగు నుంచి పాలు కారుతున్నాయి. ఎవరూ సూది పొడవలేదు, మెషీను తగిలించలేదు, దాని దగ్గర దూడ లేదు. సిమెంటు నేల మీద చుక్క చుక్కగా పడుతున్నాయి. అది నా కుడి చేతి వైపే చూస్తోంది.

నేను ఆగలేదు, ఆగితే లోపలికి పోలేనని తెలుసు. హాలు నిండా పిల్లలు, మా రోజుల్లో ఆడపిల్లలం ఐదుగురం, ఇప్పుడు సగం మందికి పైగా వాళ్లే. నా చేతుల్లో ఉన్నది చూసి గుసగుసలాడుకున్నారు, ఒకమ్మాయి ముక్కు మూసుకుంది. బల్ల మీద దూడని పడుకోబెట్టాను. నూకరత్నం వెనక్కి పోకుండా మొదటి వరసలో నా ఎదురుగా కూర్చుంది. ప్రిన్సిపాలు గారు నన్ను పరిచయం చేసి ఏవేవో పొగిడారు. మైకు ముందుకి వెళ్లి, ముందు సన్యాసి గారి పేరు చెప్పాను. తర్వాత నా రోల్ నంబరు చెప్పాను.